మొదటి యూరప్ ట్రిప్పా? ఒక్క ఊరికే వెళ్ళండి

వేసవి దగ్గరపడుతోందంటే అమెరికాలో ఉన్న మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. ఈసారి ఇండియా వెళ్ళట్లేదు, వారం రోజులు యూరప్ వెళ్దామనుకుంటున్నాం, ఎవరి దగ్గరైనా ఐటినరరీ ఉంటే పంపండి అని ఒకరు అడుగుతారు, ఐదు నిమిషాల్లో ఇంకొకరు పీడీఎఫ్ పడేస్తారు. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, స్విట్జర్లాండ్, వెనిస్, రోమ్. అన్నీ ఏడు రోజుల్లోనే. కింద వరసగా 'సూపర్ అన్నా', 'సేవ్ చేసుకున్నా' అని మెసేజులు. నా మాట ముందే చెప్పేస్తాను, తర్వాత తిట్టుకున్నా పర్వాలేదు. మొదటిసారి యూరప్ వెళ్తూ చేతిలో వారమే ఉంటే ఒక్క ఊరికి వెళ్ళండి. ఏడు రాత్రులూ ఆ ఊళ్ళోనే పడుకోండి. మరీ మనసు ఒప్పుకోకపోతే పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగొచ్చే దూరంలో ఒకటో రెండో చోట్లు చూసి రండి, అంతే.

ఈ మాట అనగానే వచ్చే మొదటి ప్రశ్న నాకు తెలుసు. "ఒక్క ఊళ్ళో వారం రోజులు ఏం చేస్తామండీ, బోరు కొట్టదా?" దానికి తర్వాత వస్తాను. ముందు ఆ ఐదు ఊళ్ళ పీడీఎఫ్‌ని ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూడండి.

అమెరికా నుంచి యూరప్ వెళ్ళే ఫ్లైట్లు ఎక్కువభాగం సాయంత్రం బయల్దేరి మర్నాడు పొద్దున దిగుతాయి. శుక్రవారం ఆఫీసు అయ్యాక ఎక్కారనుకోండి, శనివారం పొద్దున అక్కడ దిగేసరికి మన ఒంటికి ఇంకా అర్ధరాత్రి దాటిన వేళ. హోటల్లో గది మధ్యాహ్నం మూడింటికి గానీ ఇవ్వరు. పిల్లలు సూట్‌కేసుల మీదే నిద్రపోతుంటారు, పెద్దవాళ్ళు ఒకరి మీద ఒకరు విసుక్కుంటుంటారు. ఆ రోజు లెక్కలో రాసుకోకండి. తర్వాతి శనివారం తిరుగు ఫ్లైట్, అదీ లెక్కలో లేదు. మధ్యలో మిగిలింది ఆరు రోజులు. ఐదు ఊళ్ళంటే నాలుగుసార్లు మకాం ఎత్తాలి. పారిస్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి వేగంగా పోయే రైల్లోనే మూడుంబావు గంటలకి పైన. వెనిస్ నుంచి రోమ్‌కి నాలుగు గంటలు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి స్విట్జర్లాండ్‌కి రైల్లో అయితే పగలంతా దానికే సరి. ఇవన్నీ రైల్లో కూర్చున్న గంటలు మాత్రమే. పొద్దున సామాను సర్దడం, హోటల్ ఖాళీ చేయడం, స్టేషన్‌కి చేరడం, దిగాక కొత్త ఊళ్ళో మెట్రో టికెట్ మెషిన్ ముందు నిలబడి తలగోక్కోవడం, మళ్ళీ కొత్త హోటల్, మళ్ళీ వైఫై పాస్‌వర్డ్. నాలుగుసార్లకీ కలిపి ఎంత తక్కువ వేసుకున్నా రెండున్నర, మూడు రోజులు ఎగిరిపోతాయి. ఇక మిగిలింది మూడు రోజులు, అందులో ఐదు ఊళ్ళు. ఊరికి పూటన్నర కూడా రాదు.

దీనికి తోడు టికెట్ల టెన్షన్. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్ ఫ్రాంక్ ఇంటికి టికెట్లు ప్రతి మంగళవారం ఆన్‌లైన్‌లో పెడతారు, అదీ ఆరు వారాల తర్వాతి తేదీలకి, చూస్తుండగానే అయిపోతాయి. రోమ్‌లో కొలోసియం టికెట్ మీద మనిషి పేరుండాలి, ముప్ఫై రోజుల ముందు గానీ దొరకదు. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూసేస్తారు. ఒక్కో టికెట్‌కీ గంట, నిమిషం రాసి ఉంటుంది. ఒక్క రైలు రెండు గంటలు లేటయిందంటే వెనకాల ఉన్నవన్నీ వరసగా కూలిపోతాయి. వేసవిలో రైళ్ళు లేటవడం అక్కడ వింతేమీ కాదు, స్ట్రైకులూ ఉంటాయి. కాలికి బలపం కట్టుకుని తిరిగొచ్చి, సోమవారం ఆఫీసులో 'వెకేషన్ ఎలా జరిగింది' అని అడిగితే 'ఫెంటాస్టిక్' అని, ఇంటికొచ్చి రెండు రోజులు పడుకునేవాళ్ళు మనలో ఎంతమంది లేరు?

రెండో వాదన కాస్త బరువైనది, దాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. "మళ్ళీ వస్తామో రామో, వచ్చినప్పుడే చూసేద్దాం." సెలవులు తక్కువ, ఉన్నవి ఇండియాకి దాచుకోవాలి, టికెట్ల ఖర్చు తక్కువేం కాదు, నిజమే. అమ్మానాన్నలు వెంట ఉంటే ఈ మాటకి ఇంకా బలం, వాళ్ళ మోకాళ్ళు మళ్ళీ ఐదేళ్ళకి ఇలాగే ఉంటాయని ఎవరు చెప్పగలరు. కానీ ఈ వాదనే నన్ను ఒక్క ఊరి వైపు నెడుతుంది. మళ్ళీ రాకపోవచ్చు అనుకున్నప్పుడు ఆ ఒక్కసారి కాస్త కుదురుగా చూడాలి కదా. ఈఫిల్ టవర్ ముందు ఫోటో దిగి, టవర్ ఎక్కకుండా, పక్క వీధిలో కాఫీ తాగకుండా బస్సెక్కేసిన వాళ్ళు పారిస్ వెళ్ళొచ్చారు, అంతే. స్టేటస్‌లో నాలుగు జెండాలు పెట్టుకోవడానికి మాత్రం అది బ్రహ్మాండంగా పనికొస్తుంది, కాదనను.

అమెరికాలో ఉన్న యాభై, అరవై ఏళ్ళ అక్కయ్యలు కొందరు గ్రూప్ టూర్ బస్సుల్లో వెళ్ళి హాయిగా తిరిగొస్తారు, పొద్దున ఇడ్లీ, రాత్రి అన్నం పప్పు కూడా టూర్ వాళ్ళే పెడతారు, సామాను మోసే పని లేదు. అది వేరే రకం సుఖం, దాని జోలికి నేను పోవడం లేదు. నేను మాట్లాడేది సొంతంగా ప్లాన్ చేసుకునేవాళ్ళ గురించి.

వీసా సంగతి కూడా ఒక్క ఊరికే ఓటేస్తుంది. అమెరికా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి షెంగెన్ దేశాల్లో (ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల గుంపు) ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజుల దాకా వీసా అక్కర్లేదు. ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే చేతిలో గ్రీన్ కార్డ్ ఉన్నా వీసా తీసుకోవాల్సిందే, ఈ సంగతి టికెట్లు కొన్నాక తెలుసుకునేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికి అప్లై చేయాలి. రాత్రులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. నాలుగు దేశాల పీడీఎఫ్ పట్టుకున్నవాళ్ళు ఏ దేశపు అపాయింట్‌మెంట్ దొరికితే దానికి తగ్గట్టు రాత్రులు అటూ ఇటూ జరుపుతూ నెల రోజులు గడుపుతారు, ప్రతి రాత్రికీ హోటల్ కాగితం, ప్రతి మార్పుకీ రైలు కాగితం. ఒక్క ఊరయితే ఒక్క దేశం, ఒక్క హోటల్, ఒక్క కవరింగ్ లెటర్. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, పదిహేను రోజుల ముందుతో గడువు అయిపోతుంది. ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకి 90 యూరోలు. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. అపాయింట్‌మెంట్లు వేసవికి ముందు దొరకడం గగనం కాబట్టి జులైలో వెళ్ళాలంటే ఫిబ్రవరి, మార్చిలోనే చూసుకోవాలి.

హెచ్1బి ఉద్యోగ వీసా వాళ్ళకి ఇంకో మెలిక ఉంది. చేతిలో అప్రూవల్ నోటీసు ఉన్నా పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంప్ గడువు అయిపోయి ఉంటే యూరప్ నుంచి తిరిగి అమెరికాలోకి రావడానికి అది చాలదు. కెనడా, మెక్సికోలకి కొద్ది రోజులు వెళ్ళొచ్చేవాళ్ళకి ఉన్న వెసులుబాటు యూరప్‌కి లేదు. 'అక్కడే ఎక్కడో స్టాంపింగ్ చేయించుకుందాం' అని వారం రోజుల ట్రిప్పులో అనుకోవడం కొరివితో తల గోక్కోవడమే. స్టాంప్ లేకపోతే ఈ వేసవికి కొలరాడో కొండలు చూడండి, యూరప్ ఎక్కడికీ పోదు.

మన ఇళ్ళల్లో తల్లిదండ్రులవి ఇండియన్ పాస్‌పోర్టులు, పిల్లలవి అమెరికన్ పాస్‌పోర్టులు కావడం మామూలే. పిల్లల పాస్‌పోర్టులు ఐదేళ్ళకే అయిపోతాయి. షెంగెన్ వాళ్ళు తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలు గడువుండాలంటారు, కాబట్టి పెద్దవాళ్ళవి చూసుకుని ఊరుకోకండి. 2025 అక్టోబర్ నుంచి సరిహద్దులో పాస్‌పోర్ట్ మీద స్టాంప్ బదులు వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త పద్ధతి మొదలుపెట్టారు, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి దాంతో క్యూ కాస్త నెమ్మదిగా కదలొచ్చు. మధ్యలో కనెక్టింగ్ ఫ్లైట్ ఉంటే గంట వ్యవధి చాలదు.

ఇప్పుడు ఏ ఊరు అన్నది. పారిస్, రోమ్ గురించి చెప్పడానికి ఊరంతా ఉంది కాబట్టి నేను ఆస్ట్రియా రాజధాని వియన్నా పేరు చెప్తాను. పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న తెలుగు కుటుంబానికి మొదటి యూరప్ ఊరుగా ఇంతకంటే వీలైనది నాకు కనపడలేదు. వాషింగ్టన్, షికాగో లాంటి చోట్ల నుంచి నేరుగా ఫ్లైట్లున్నాయి. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి మామూలు రైలెక్కితే అరగంట కూడా పట్టదు. మెట్రో, ట్రామ్, బస్సు అన్నిటికీ ఒకటే టికెట్, వారం పాస్ కొనుక్కుంటే మళ్ళీ దాని గురించి ఆలోచించక్కర్లేదు. మెట్రోలో గేట్లుండవు, ఎవరూ ఆపరు. ఎవరూ చూడట్లేదు కదా అని టికెట్ లేకుండా ఎక్కితే మామూలు బట్టల్లో ఉన్న ఇన్‌స్పెక్టర్ ఎప్పుడో పక్కనే నిలబడి కార్డు చూపిస్తాడు, వంద యూరోలకి పైనే వదులుతుంది. ముందే ముద్ర వేసి లేని కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు చిన్న నీలం డబ్బాలో పెట్టి ముద్ర వేయించాలి. ముద్ర లేకపోతే టికెట్ లేనట్టే లెక్క.

ఊరి మంచినీళ్ళ కథ నాకు చాలా ఇష్టం. ఆల్ప్స్ కొండల్లోని ఊటల నుంచి 1873లో ఒక కాలువ, 1910లో రెండోది వేశారు, పంపులు అక్కర్లేకుండా నీళ్ళు పల్లానికి వాటంతటవే ఊరిదాకా వస్తాయి. ఇప్పటికీ అవే నీళ్ళు కుళాయిలో. వీధుల్లో, పార్కుల్లో తాగే కుళాయిలుంటాయి, సీసా నింపుకుని తిరగొచ్చు. నలుగురున్న కుటుంబం ఎండలో రోజుకి ఎన్ని నీళ్ళ సీసాలు కొంటుందో, ఒక్కోటీ మూడు యూరోలు అయితే వారానికి ఎంతవుతుందో లెక్క వేసుకోండి.

మ్యూజియాల సంగతి చెప్తే పిల్లల తల్లిదండ్రులు నమ్మరు. కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియం, బెల్వెడేర్, ఆల్బర్టినా, నేచురల్ హిస్టరీ మ్యూజియం, వీటన్నిటికీ పందొమ్మిదేళ్ళ లోపు వాళ్ళకి ప్రవేశం ఉచితం. ఉచితం అన్నదానికంటే పెద్ద లాభం ఇంకోటుంది, పిల్లలు గంటకే విసుగెత్తిపోతే బయటికి వచ్చేయొచ్చు, 'డబ్బులు పెట్టాం కదా' అని ఈడ్చుకుంటూ తిప్పక్కర్లేదు, మర్నాడు మళ్ళీ వెళ్ళొచ్చు. ఒక్క ఊళ్ళో వారం ఉండటంలోని సుఖం సరిగ్గా ఇక్కడే తెలుస్తుంది. కున్స్ట్‌హిస్టోరిషెస్‌లో చిత్రకారుడు బ్రూగెల్ బొమ్మల గది ఉంది. అందులో 1563లో వేసిన, బైబిల్ కథలోని బాబెల్ గోపురం బొమ్మ. దూరం నుంచి చూస్తే పెద్ద కట్టడం, పక్కన ఊరు, ఓడలు, అంతే కదా అనిపిస్తుంది. దగ్గరికెళ్ళి చూస్తే ఎడమవైపు కింద రాజుగారు వచ్చి నిలబడ్డారు, రాళ్ళు చెక్కేవాళ్ళు ఆయన ముందు మోకాళ్ళ మీద పడ్డారు, వెనకాల ఒకడు మాత్రం తన పని తాను చేసుకుంటున్నాడు. పైన అంతస్తులో పెద్ద చక్రంలో మనుషులు నడుస్తుంటే ఆ బలంతో బండరాయి పైకి లేస్తోంది. పదేళ్ళ పిల్లవాణ్ణి ఆ బొమ్మ ముందు వదిలి 'ఇందులో ఎంతమంది ఏమేం పనులు చేస్తున్నారో చెప్పు' అనండి, అరగంట మీకు మాట్లాడే పని ఉండదు. ఐదు ఊళ్ళ వాళ్ళకి ఈ అరగంట ఎక్కణ్ణుంచి వస్తుంది?

షోన్‌బ్రున్ కోటకి మాత్రం టికెట్ ముందే కొనాలి, టైము రాసి ఉంటుంది, వేసవిలో అప్పటికప్పుడు దొరకడం కష్టం. కోటలో పధ్నాలుగు వందల పైచిలుకు గదులున్నా చూపించేది కొన్నే, అవి చాలు. అసలు సంగతి తోట. పొద్దున్నే తెరుస్తారు, టికెట్ లేదు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూర్చునే నాన్నగారికి అంతకంటే మంచి మార్నింగ్ వాక్ ఎక్కడ దొరుకుతుంది, ఆ వేళకి టూరిస్టులు ఇంకా హోటల్లో టిఫిన్ తింటుంటారు. అదే ఆవరణలో 1752లో మొదలైన జూ ఉంది, ఇప్పటికీ నడుస్తున్నవాటిలో ప్రపంచంలోకెల్లా పాతదది.

ఒక సాయంత్రం ఏ ప్లానూ పెట్టుకోకుండా మెట్రో ఆఖరి స్టేషన్ దాకా వెళ్ళండి. యూ4 లైను చివర హైలిగెన్‌స్టాట్‌లో దిగితే ఎదురుగా కార్ల్ మార్క్స్ హోఫ్ అని 1930లో నగరపాలక సంస్థ కూలీల కోసం కట్టించిన ఇళ్ళు, కిలోమీటరుకి పైగా పొడవు, కట్టినప్పుడు పదమూడు వందలకి పైగా ఫ్లాట్లు, ఇప్పటికీ జనం కాపురాలుంటున్నారు. లోపల చెట్లు, బట్టలు ఉతుక్కునే చోటు, పిల్లలు ఆడుకునే చోటు. అక్కణ్ణుంచి నడిచి వెళ్తే వినికిడి పోతున్న రోజుల్లో బీథోవెన్ ఉన్న వీధులు. ఏ ప్యాకేజీలోనూ ఇది ఉండదు, చూడకపోతే కొంపలేం మునగవు, కానీ తిరిగొచ్చాక మనం ఎక్కువ మాట్లాడుకునేది ఇలాంటివాటి గురించే.

బయట ఊరు చూడాలనే సరదా తీరడానికి రెండు చోట్లు. బ్రాటిస్లావా గంట ప్రయాణం, ఇంకో దేశపు రాజధాని, జెండా కావాలనుకునేవాళ్ళకి జెండా దొరికినట్టే. రెండోది వాఖావ్ లోయ. రైల్లో మెల్క్ వెళ్ళి, ఆ పసుపు రంగు మఠం చూసి, అక్కణ్ణుంచి డాన్యూబ్ నది మీద పడవలో క్రెమ్స్ దాకా. దారిలో డ్యూర్న్‌స్టైన్ అనే చిన్న ఊరి పైన కొండ మీద పాడుబడ్డ కోట, ఇంగ్లండు రాజు రిచర్డ్‌ని 1192లో వియన్నా దగ్గర పట్టుకుని, తెచ్చి బంధించింది అక్కడే. జులైలో వెళ్తే ఆప్రికాట్లు పండే కాలం, రోడ్డు పక్కన బుట్టల్లో పెట్టి అమ్ముతుంటారు. ఈ రెంటికీ సూట్‌కేసు కదపక్కర్లేదు.

ఎండ సంగతి. 'యూరప్ కదా, చల్లగా ఉంటుంది' అనుకుని స్వెట్టర్లు మోసుకెళ్ళడం పాతకాలం మాట. ఈ మధ్య వేసవుల్లో ఏథెన్స్‌లో ఎండకి కొండ మీది పురాతన కట్టడాలు, అక్రోపొలిస్‌నే మధ్యాహ్నాలు మూసేసిన రోజులున్నాయి. వియన్నాలోనూ జులైలో 35 డిగ్రీలు దాటొచ్చు. పాత భవనాల్లో చాలావాటికి ఏసీ ఉండదు. డాలస్‌లో గదిలో స్వెట్టర్ వేసుకుని కూర్చునే మనకి అది పెద్ద దెబ్బ, కాబట్టి బుక్ చేసేటప్పుడు ఏసీ ఉందని రాసి ఉందో లేదో చూసుకోండి. లిఫ్ట్ కూడా. అక్కడి పాత ఇళ్ళల్లో నేల మీది అంతస్తుకి మొదటి అంతస్తుకి మధ్యలో మెట్జానిన్ అని ఇంకోటి, ఒక్కోసారి దాని కింద హోఖ్‌పార్టేర్ అని మరోటి ఉంటాయి, కాబట్టి 'మొదటి అంతస్తు, లిఫ్ట్ లేదు' అని రాసి ఉంటే అమ్మమ్మ ఎక్కాల్సింది మూడు అంతస్తులు కావచ్చు.

వేసవిలో రోజుని రెండుగా విరగ్గొట్టండి. వెలుగు రాత్రి తొమ్మిదింటి దాకా ఉంటుంది. పొద్దున ఎనిమిదింటికి బయటపడి పన్నెండున్నరకి గదికి వచ్చేయండి. తిని, మన పల్లెటూళ్ళలో ఎండాకాలం మధ్యాహ్నం తలుపులు వేసుకుని పడుకున్నట్టు పడుకోండి. అయిదింటికి లేచి మళ్ళీ బయల్దేరితే ఇంకా నాలుగు గంటల వెలుగు. ఒక్క ఊళ్ళో, ఒకే గదిలో ఉన్నవాళ్ళకే ఇది కుదురుతుంది. గది ఊరికి నడిమధ్య అక్కర్లేదు, మెట్రో స్టేషన్‌కి అయిదు నిమిషాల నడకలో ఉంటే చాలు. సాయంత్రాలకి టౌన్‌హాల్ ముందు జులై, ఆగస్టుల్లో పెద్ద తెర కట్టి ఒపేరాలు, కచేరీల ఫిల్ములు ఉచితంగా వేస్తారు, చుట్టూ తిండి దుకాణాలు. లేదా యూ1 ఎక్కి డాన్యూబ్ మధ్యలో ఉన్న దీవిలో దిగండి. వరదలు రాకుండా కొత్త పాయ తవ్వి ఆ మట్టితో పోసిన 21 కిలోమీటర్ల దీవి అది, ఊరు ఊరంతా అక్కడే ఈత కొడుతుంటుంది, టికెట్ లేదు.

తిండి గురించి మనవాళ్ళకున్న భయం నిజం కాదనను, కానీ దానికి బియ్యం, కుక్కరు, ఆవకాయ సీసా, పచ్చిమిరపకాయలు మోసుకెళ్ళేంత అవసరం లేదు. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే సూపర్ మార్కెట్లో బియ్యం, పెరుగు, కూరగాయలు అన్నీ ఉంటాయి. నాటూర్‌యోగుర్ట్ అని రాసి ఉన్నది తీసుకోండి, పెరుగన్నానికి బాగానే కుదురుతుంది. ఆవకాయ ఒక్కటి పట్టుకెళ్తే పట్టుకెళ్ళండి, సీసాకి రెండు కవర్లు చుట్టి చెక్-ఇన్ సామానులో పెట్టండి, లేదంటే సెక్యూరిటీ దగ్గర వదిలిపెట్టి రావాలి. బయట తినేటప్పుడు గొడ్డుమాంసం తినని వాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. వీనర్ ష్నిట్జెల్ అని ఊరికే రాసి ఉంటే అది దూడమాంసం, అక్కడి నియమమే అంత. పందిమాంసంతో చేస్తే ఆ సంగతి రాస్తారు, చికెన్‌తో చేసిందీ చాలాచోట్ల దొరుకుతుంది, అడగండి. శాకాహారులకి నాష్‌మార్క్ట్ బజారులో ఫలాఫెల్, చీజ్‌తో చేసే స్పెట్‌స్లే అనే చిన్న నూడుల్స్, ఆప్రికాట్ లోపల పెట్టి చేసే ఉండలు. గుడ్డు కూడా తినని వాళ్ళు మాత్రం స్పెట్‌స్లే దగ్గరా, ఆస్ట్రియా తీపి వంటకాలన్నిటి దగ్గరా అడిగి తినాలి. ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు, పెద్ద స్టేషన్లలో ఒకటో రెండో తప్ప. పాలు, పెరుగు శనివారమే తెచ్చి పెట్టుకోండి.

కాఫీహౌస్‌కి ఒక పూట ఇవ్వండి. మెలాంజ్ అనే పాల కాఫీ అడిగితే చిన్న స్టీల్ ట్రేలో కప్పు, పక్కన గ్లాసుతో నీళ్ళు, గ్లాసు మీద అడ్డంగా బోర్లించిన చెంచా. ఫిల్టర్ కాఫీ అలవాటున్న నాలుకకి కాస్త పల్చగానే ఉంటుంది. కానీ ఒక్క కాఫీ మీద రెండు గంటలు కూర్చున్నా వెయిటర్ బిల్లు తెచ్చి బల్ల మీద పెట్టడు, మీరు అడిగేదాకా రాడు. అమెరికాలో తింటుండగానే బిల్లు తెచ్చే పద్ధతికి అలవాటుపడ్డ మనవాళ్ళు కొందరు దాన్ని మర్యాద లేకపోవడం అనుకుని చిరాకు పడతారు. కొన్ని కాఫీహౌసుల్లో కార్డు తీసుకోరు, జేబులో కాస్త నగదు ఉంచుకోండి. కార్డు తీసుకునే చోట 'డాలర్లలో కట్టనా, యూరోల్లోనా' అని మెషిన్ అడిగితే యూరోలే నొక్కండి, డాలర్లు నొక్కితే వాళ్ళ ఇష్టమొచ్చిన రేటు వేస్తారు.

అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద అమెరికా వచ్చినప్పుడు 'ఎలాగూ వచ్చారు కదా, యూరప్ కూడా చూపిద్దాం' అనుకునేవాళ్ళకి ఒక మాట. షెంగెన్ వీసాకి నివాసం ఉన్న దేశంలోనే అప్లై చేయాలన్నది మామూలు నియమం. కాబట్టి వాళ్ళు హైదరాబాద్‌లో ఉండగానే ఆ పని అయిపోవాలి, అప్పుడు వచ్చేటప్పుడో వెళ్ళేటప్పుడో దారిలో దిగొచ్చు. అమ్మకి మెడలో లావుపాటి గొలుసు ఇంట్లో పెట్టి రమ్మని చెప్పండి. వియన్నాలో పెద్ద భయం లేదు గానీ పారిస్ మెట్రోలో, రోమ్ స్టేషన్‌లో జేబుదొంగలు ఇలాంటివాటి కోసమే చూస్తుంటారు.

ఇక తేదీలు. టెక్సస్‌లో బడులు మే ఆఖరుకే మూసేస్తారు కాబట్టి అక్కడివాళ్ళకి జూన్ మొదటి రెండు వారాలు బంగారం లాంటివి, ఎండ తక్కువ, గుంపులు తక్కువ, యూరప్ పిల్లలకి ఇంకా బడులు నడుస్తుంటాయి. న్యూజెర్సీ వాళ్ళకి జూన్ ఆఖరు దాకా బడి వదలదు, వాళ్ళు ఆగస్టు ఆఖరి వారం చూసుకోవచ్చు, లేబర్ డే తర్వాతే కదా మళ్ళీ బడి. ఆగస్టు మధ్యలో మాత్రం వద్దు, చిన్న చిన్న రెస్టారెంట్లు కొన్ని 'సెలవులకి వెళ్ళాం' అని బోర్డు పెట్టేసి ఉంటాయి. వియన్నా స్టేట్ ఒపేరాలో కూడా జులై, ఆగస్టుల్లో ప్రదర్శనలు ఉండవు, బయట మోజార్ట్ వేషాలు వేసుకుని కచేరీ టికెట్లు అమ్మేవాళ్ళు 'ఒపేరాకే రండి' అన్నట్టు మాట్లాడతారు గానీ వాళ్ళు అమ్మేది వేరే హాల్లో టూరిస్టుల కోసం పెట్టే కచేరీ. అసలు ఒపేరానే చూడాలని ఉంటే జూన్‌లో వెళ్ళండి, నిలబడి చూసే టికెట్లు చాలా చవగ్గా దొరుకుతాయి, పిల్లలు నిలబడలేకపోతే మధ్య విరామంలో వచ్చేయండి.